రైఫిల్ మ్యాగజైన్ ఆయుష్షు ఎంత? ఏది ఉంచుకోవాలి, ఏది తీసేయాలి?

డాలస్ రాఘవ (టెక్సాస్)

అందరికీ నమస్కారం. నా దగ్గర ఏఆర్-15 రైఫిల్‌కి సరిపడే 30 రౌండ్ల మ్యాగజైన్లు రెండు రకాలున్నాయి. కొన్ని సైన్యం నమూనా అల్యూమినియంవి, ఇంకొకరు వాడగా నా చేతికి వచ్చినవి. మిగిలినవి కొత్తగా కొన్న పాలిమర్‌వి. వాటిలో ఒక అల్యూమినియం మ్యాగజైన్ కొంతకాలంగా రేంజ్‌లో విసిగిస్తోంది. బోల్టు (తూటాను లోపలికి తోసే భాగం) ముందుకు వచ్చేసరికి ఒకటికి బదులు రెండు తూటాలు ఎగదన్నుకొచ్చి చాంబర్ (తూటా కూర్చునే గది) ముందు ఇరుక్కుంటున్నాయి. అదే రైఫిల్‌లో, అదే పెట్టెలోని తూటాలతో, వేరే మ్యాగజైన్ పెడితే ఏ గొడవా లేదు. పైకి చూస్తే సొట్ట లేదు, తుప్పు లేదు.

రేంజ్‌లో తలా ఒక మాట చెబుతున్నారు. ఎప్పుడూ నింపి ఉంచడం వల్ల స్ప్రింగ్ చచ్చిపోయిందని ఒకరు. అల్యూమినియం మ్యాగజైన్ అంటేనే వాడి పారేసే వస్తువని ఇంకొకరు. ఈ వేదికలో సైన్యంలో, పోలీసు ఆర్మరీల్లో పనిచేసినవారు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మ్యాగజైన్ నిజంగా ఎక్కడ చెడుతుంది? నింపి ఉంచితే నష్టమా? స్టీలు, అల్యూమినియం, పాలిమర్‌లలో ఏది ఎక్కువకాలం నిలుస్తుంది?

మాధవరం సుబేదార్ (పశ్చిమ గోదావరి, సైన్యంలో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాను)

రాఘవ బాబూ, స్ప్రింగ్ జోలికి తర్వాత వెళ్దాం. ముందు ఫీడ్ లిప్స్ చూడండి. రెండు తూటాలు ఒకేసారి లేస్తున్నాయంటే చాలావరకు లోపం అక్కడే ఉంటుంది. మ్యాగజైన్ పైన లోపలికి వంగి తూటాను పట్టి ఉంచే ఆ రెండు అంచులే, రైఫిల్‌కు తూటా ఏ ఎత్తులో, ఏ కోణంలో అందాలో నిర్ణయిస్తాయి. అవి వెంట్రుకవాసి విచ్చుకున్నా పై తూటా ఉండాల్సిన చోటుకంటే ఎత్తులో కూర్చుంటుంది. బోల్టు తగలగానే అది ముందే జారిపోతుంది, కిందిది దాని వెంటే వచ్చేస్తుంది.

మ్యాగజైన్ ఖాళీ చేసి, అడుగు పలక జరిపి, స్ప్రింగునూ, దాని మీద కూర్చుని తూటాలను పైకి మోసే ఫాలోయర్‌నూ బయటకు తీయండి. స్ప్రింగ్ మొహం మీదికి ఎగరకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకోండి. మిగిలిన డొల్ల డబ్బాను మంచి వెలుతురులో పట్టుకొని, లిప్స్ వెనుక గోడతో కలిసే మూల చూడండి. అల్యూమినియం పగిలేది ఆ వంపు దగ్గరే. మొదట సన్నని గీత మాత్రమే పడుతుంది. నూనె, మసి పట్టి ఉంటే కనబడదు కాబట్టి గుడ్డతో శుభ్రంగా తుడిచి, వంపు వెంబడి గోటితో నెమ్మదిగా రాయండి. పగులుంటే గోరు తట్టుకుంటుంది. వెనుక వీపు మీద వెల్డింగులు ఎక్కడైనా వీడుతున్నాయేమో కూడా చూడండి.

ఆ తరువాత మళ్లీ బిగించి, దాన్నీ ఒక కొత్త మ్యాగజైన్‌నూ పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ మందు లేని డ్రిల్ తూటాలు వేయండి. పై తూటా ఎంత ఎత్తులో ఉంది, వేలితో అటూ ఇటూ కదిపితే ఎంత ఆడుతోంది, ఈ రెండూ పోల్చి చూస్తే చాలు, కొలత పరికరం లేకపోయినా తేడా తెలిసిపోతుంది.

కోత్‌లో (ఆయుధాల గదిలో) ఉన్నన్నాళ్లూ మేం బారెల్ చూసినంత శ్రద్ధగా మ్యాగజైన్ చూసేవాళ్లం. మ్యాగజైన్ చెడితే ఎంత మంచి రైఫిలైనా ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చుకునే తుపాకీ అయిపోతుంది.

లోహశాస్త్రి (విశాఖపట్నం)

సుబేదార్ గారి మాటకు లోహం వైపు నుంచి కొంత కలుపుతాను.

> ఎప్పుడూ నింపి ఉంచడం వల్ల స్ప్రింగ్ చచ్చిపోయిందని ఒకరు

ఇది చాలా పాత నమ్మకం. ప్రతి ఉక్కు తీగకూ ఒక స్థితిస్థాపక అవధి ఉంటుంది. దాన్ని దాటనంతవరకు ఎంత నొక్కినా తీగ తిరిగి తన ఆకారానికి వస్తుంది. సరిగా తయారైన మ్యాగజైన్ స్ప్రింగును పూర్తిగా నింపినప్పుడు కూడా ఆ అవధికి లోపలే ఉండేలా రూపొందిస్తారు. కొత్త స్ప్రింగ్ మొదటి కొన్నిసార్లు నింపినప్పుడు కొద్దిగా పొట్టిబడుతుంది. అది చూసి చాలామంది కంగారుపడతారు. కానీ ఆ కుంగడం అక్కడితో దాదాపు ఆగిపోతుంది. తరువాత నెలల తరబడి అలాగే నింపి ఉంచినా పోయే బలం చాలా తక్కువ.

తీగను అలసిపోయేలా చేసేది నింపడం, ఖాళీ చేయడం, మళ్లీ నింపడం. బీరువాలో నిండుగా కూర్చున్న మ్యాగజైన్ కంటే వారంవారం రేంజ్‌కు వెళ్లే మ్యాగజైన్ స్ప్రింగే ముందు నీరసిస్తుంది. ఇంకో శత్రువు తుప్పు. తీగ మీద తుప్పు తిన్న చిన్న గుంట ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. చవక తీగ, సరిగా ఉష్ణోపచారం చేయని తీగ అయితే ఈ లెక్కలేవీ పనిచేయవు, అది మొదటినుంచే కుంగుతూ పోతుంది.

స్ప్రింగ్ బలహీనపడితే లక్షణాలు వేరుగా ఉంటాయి. బోల్టు వెనక్కి వెళ్లి ముందుకు వచ్చేలోపు తూటాల వరుస పైకి లేవదు. దాంతో బోల్టు తూటా అడుగును పట్టుకోకుండా దాని మీదుగా జారిపోతుంది, లేదా తూటా నడుముకు తగిలి ఇరుకుతుంది. చివరి తూటా కాల్చాక బోల్టు వెనుక నిలబడిపోవాలి కదా, అలా నిలబడకపోవడం ఇంకో గుర్తు. రాఘవ గారు చెప్పిన జంట తూటాల బాధ ఈ కోవలోది కాదు.

నింపి ఉంచడం వల్ల అసలు భారం పడేది లిప్స్ మీద. స్ప్రింగ్ రాత్రీపగలూ తూటాలను పైకి తోస్తూనే ఉంటుంది, వాటిని ఆపుతున్నవి ఆ రెండు అంచులే. మామూలు ఉష్ణోగ్రతలో స్టీలుకూ అల్యూమినియంకూ అది పెద్ద లెక్క కాదు. పాలిమర్ అలా కాదు, ఒకే బరువును చాలాకాలం మోస్తే నెమ్మదిగా సాగుతుంది, వేడిలో ఇంకా త్వరగా సాగుతుంది. మాగ్‌పుల్ సంస్థ 2007లో పీమ్యాగ్ అనే పాలిమర్ మ్యాగజైన్ తెచ్చినప్పుడు పైన బిగించే మూత ఒకటి ఇచ్చింది. దుమ్ము పడకుండా ఉండటమే దాని పని కాదు. అది పై తూటాను కొంచెం కిందికి నొక్కి, లిప్స్ మీద భారం లేకుండా చేస్తుంది. రాఘవ గారూ, టెక్సాస్ ఎండలో నిలిపిన కారులో నిండు పాలిమర్ మ్యాగజైన్లు వదిలేయకండి. నింపి దాచుకునేవాటికి ఆ మూత పెట్టండి.

హరిత (వరంగల్)

ఎంతో ఆసక్తిగా చదువుతున్నాను. ఎన్‌సీసీలో మాతో పాయింట్ 22 రైఫిల్‌లో ఒక్కో తూటా పెట్టించి కాల్పించేవారు, అందుకే మ్యాగజైన్ల సంగతి పెద్దగా తెలియదు. క్యాంపులో మన సైన్యం ఇన్సాస్ రైఫిల్ చూపించినప్పుడు మాత్రం మ్యాగజైన్‌ను నోరు కిందికి పెట్టి నేలమీద ఉంచిన క్యాడెట్‌ను ఉస్తాద్ గట్టిగా మందలించారు. అది మట్టి పోతుందనా, లిప్స్ దెబ్బతింటాయనా? ఇంకో ప్రశ్న. 30 పట్టే మ్యాగజైన్‌లో 28 మాత్రమే నింపాలని కొందరు పట్టుబడతారు. దానికి నిజంగా కారణం ఉందా?

మాధవరం సుబేదార్

అమ్మా హరితా, రెండింటికీ. మట్టి రేణువు ఫాలోయర్‌కూ గోడకూ మధ్య చిక్కితే ఫాలోయర్ పైకి రాదు. లిప్స్ మీద కాలో మోకాలో పడితే మ్యాగజైన్ అక్కడితో సరి. మీ ఉస్తాద్ సరిగానే మందలించారు.

28 సంగతి పాత బ్రెన్ మెషిన్ గన్ కాలం నుంచీ ఉన్న అలవాటు. బ్రెన్ మ్యాగజైన్‌లో 30 పడతాయి, అయినా 28 నింపమనే నేర్పేవారు. ఏఆర్ విషయానికి వస్తే కారణం ఇంకా స్పష్టం. బోల్టు మూసి ఉన్నప్పుడు నిండు మ్యాగజైన్‌ను లోపలికి తోస్తే పై తూటా బోల్టు అడుగుకు తగులుతుంది. ఇంకొంచెం కిందికి నొక్కుకుపోవడానికి స్ప్రింగులో సందు ఉండాలి. ఆ సందు లేకపోతే మ్యాగజైన్ క్యాచ్‌లో (దాన్ని పట్టి ఉంచే కొక్కెంలో) పడినట్టు అనిపిస్తుంది గాని పడదు, మొదటి తూటా కాల్చగానే ఊడి కిందపడుతుంది. రెండు తూటాలు తక్కువ నింపితే ఆ సందు దొరుకుతుంది. మంచి కొత్త మ్యాగజైన్లలో 30 నింపినా సందు మిగులుతుంది కాబట్టి ఇది వేదవాక్కు కాదు. మీ మ్యాగజైన్‌ను 30తో నింపి, పైనుంచి బొటనవేలితో నొక్కి చూడండి. కొంచెమైనా దిగితే నింపుకోవచ్చు, రాయిలా ఉంటే 28కే ఆగండి. ఎన్ని నింపినా, పెట్టాక ఒకసారి కిందికి లాగి చూడటం మానవద్దు.

ఇన్సాస్ పేరెత్తారు కాబట్టి అదీ చెబుతాను. దాని 20 రౌండ్ల పాలిమర్ మ్యాగజైన్‌లో ఎన్ని తూటాలు మిగిలాయో బయటికే కనబడుతుంది, జవానుకు అది నిజంగా ఉపయోగం. కానీ 1999లో కార్గిల్ ఎత్తుల్లో చలికి అవి పగిలాయన్న ఫిర్యాదులు దేశమంతా విన్నదే. 2001లో మెరుగుపరిచిన 1బి1 రకం వచ్చాక కూడా మ్యాగజైన్ పగుళ్ల ఫిర్యాదులు ఆగలేదు. దానికి ముందు మా చేతుల్లో ఉన్న ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ ఉక్కు మ్యాగజైన్ బరువే, తుప్పూ పట్టేది. కానీ చలికి పగలడం అన్న మాటే దాని విషయంలో వినలేదు. నాకు ఇప్పటికీ ఉక్కు మీదే నమ్మకం.

ఖమ్మం ఆర్మరర్ (సాయుధ పోలీసు విభాగంలో పనిచేసి రిటైర్డ్)

సుబేదార్ గారికి నమస్కారం. ఉక్కు గురించి నేనూ మీ పక్షమే. నా సర్వీసులో ఎక్కువ భాగం ఏకే-47 జాతి రైఫిళ్ల మ్యాగజైన్లతోనే గడిచింది.

ఏకే మ్యాగజైన్ ఎందుకు అంతకాలం ఉంటుందో విప్పి చూస్తే అర్థమవుతుంది. మొదటి రకం నున్నటి గోడలది, 1 మిల్లీమీటరు మందం రేకు, ఖాళీగానే 0.43 కిలోల బరువు. తరువాత ఏకేఎం (ఏకే-47 తరువాతి రూపం) కాలానికి రేకు పలచన చేసి, గోడలకు పొడుగాటి గాడులు పోసి బలం తెచ్చి, బరువు 0.33 కిలోలకు దించారు. లిప్స్ దగ్గర మాత్రం లోపల ఇంకో పట్టీ వెల్డింగు చేసి ఉంటుంది, అంటే అరిగే చోట రేకు రెండు పొరలన్నమాట. ముందు కొక్కెం, వెనుక కొక్కెం కూడా దళసరిగా ఉంటాయి. బరువు ఇంకా తగ్గిద్దామని రష్యావాళ్లు ఏకేఎంకు 0.19 కిలోల అల్యూమినియం మ్యాగజైన్ కూడా చేశారు. అది నాజూకుగా తేలింది, ఇచ్చిన కొద్దిపాటివీ వెనక్కి తీసుకున్నారు. ఆ తరువాతే ఎర్రమట్టి రంగులో ఉండే ప్లాస్టిక్‌ది వచ్చింది. అందరూ బేకలైట్ అంటారు గాని అది గాజు నార కలిపిన ఫినాల్ రెసిన్. రెండు సగాలు అచ్చుపోసి ఎపాక్సీతో అతికిస్తారు. 0.24 కిలోల బరువు, ఉక్కు బలం కూడా ఇచ్చి ఉంటుంది. అలాంటివి ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

ఉక్కుకు శత్రువు మన వర్షాకాలం. అడవి డ్యూటీ నుంచి తిరిగొచ్చిన మ్యాగజైన్లలో తుప్పు ఎప్పుడూ లోపలే, అడుగు మూలల్లోనే ఉండేది. జవాన్లు బయటంతా తుడిచి మెరిపిస్తారు, అడుగు పలక విప్పరు. నీళ్లు దిగేది అక్కడికే. విప్పి, ఆరబెట్టి, నూనె గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు. నూనె పోయకూడదు. నూనె పోస్తే దుమ్ము పట్టి ముద్ద కడుతుంది, పైగా తూటా ప్రైమర్‌లోకి (మందును అంటించే భాగంలోకి) దిగే ప్రమాదం ఉంది.

ఒక్క మాట మాత్రం ఎవరూ అనలేదు. పాత పాయింట్ 303 లీ-ఎన్‌ఫీల్డ్ మ్యాగజైన్లు దశాబ్దాలపాటు మన స్టేషన్లలో పనిచేశాయి. ఆ రేకేమీ మంత్రించినది కాదు. వాటిని రైఫిల్ నుంచి తీసేవారే కాదు. 5 తూటాల చార్జర్ క్లిప్పుతో పైనుంచే నింపేవారు, శుభ్రం చేయడానికి తప్ప 10 రౌండ్ల ఆ డబ్బా బయటకు వచ్చేది కాదు. కింద పడనిదానికి లిప్స్ ఎందుకు చెడతాయి? మ్యాగజైన్ ఆయుష్షు అడిగేవారు అది ఎన్నిసార్లు నేలమీద పడిందో కూడా అడగాలి.

డాలస్ రాఘవ

ఇంత ఓపిగ్గా రాసినందుకు ధన్యవాదాలు. రేపు విప్పి చూస్తాను. ఒక సందేహం ఉండిపోయింది. అల్యూమినియం లిప్స్ ఇంత త్వరగా చెడతాయని తెలిసీ, అమెరికా సైన్యం ఇన్నేళ్లు దానితోనే ఎలా నెట్టుకొచ్చింది?

ఆస్టిన్ శ్రీధర్ (టెక్సాస్)

రాఘవ గారూ, ఈ చరిత్ర నాకు ఇష్టమైన విషయం, కాస్త పెద్దగానే రాస్తాను.

ఎం16 (ఏఆర్-15 సైనిక రూపం) మొదట వచ్చినప్పుడు దాని మ్యాగజైన్ 20 రౌండ్లది, తిన్ననిది. తేలికగా ఉండాలని పలచని అల్యూమినియం ఎంచుకున్నారు, చెడితే ఇంకొకటి ఇస్తారన్న లెక్క మీదే. సైనికులు మాత్రం ఏం దొరికితే అదే ఏళ్ల తరబడి వాడుకున్నారు. తరువాత 30 రౌండ్లు కావాలన్నారు. 5.56 తూటా వెనుక లావుగా, ముందు సన్నగా ఉంటుంది, కాబట్టి ఎక్కువ పేర్చితే వరుస సహజంగా వంగుతుంది. కానీ రైఫిల్‌లో మ్యాగజైన్ దూరే గుంత తిన్నని మ్యాగజైన్ కోసం చేసినది. దాంతో 30 రౌండ్లది పైభాగం తిన్నగా, కిందిభాగం వంకరగా తయారైంది. ఫాలోయర్ ఆ వంపు దాటి తిన్నని భాగంలోకి వచ్చేచోట పక్కకు ఒరిగేది, తూటాలు అక్కడ తట్టుకునేవి. ఏకే మ్యాగజైన్ పైనుంచి కిందిదాకా ఒకే వంపులో ఉంటుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు.

అప్పటినుంచి జరిగిన మార్పులన్నీ ఆ ఒరుగుడును ఆపడానికే. నల్ల ఫాలోయర్ పోయి ఆకుపచ్చది వచ్చింది. 2009లో ఇసుక రంగు ఫాలోయర్, తుప్పు తట్టుకునే గట్టి స్ప్రింగుతో మెరుగైన మ్యాగజైన్ ఇచ్చారు. రాఘవ గారూ, మీ పాతవాటిలో ఫాలోయర్ రంగు చూడండి, నల్లది ఉంటే అది చాలా పాత సరుకు. డబ్బా బాగుంటే కొత్త ఫాలోయర్, కొత్త స్ప్రింగ్ కొద్ది డాలర్లతో మార్చుకోవచ్చు.

మ్యాగజైన్ ఎంత ముఖ్యమో చూపే పరీక్ష ఒకటి ఉంది. 2007లో అమెరికా సైన్యం నాలుగు రకాల కార్బైన్లను (పొట్టి రైఫిళ్లను) దట్టమైన దుమ్ములో పరీక్షించింది. రకానికి 10 తుపాకులు, ఒక్కోదానితో 6,000 రౌండ్లు. ఎం4 (ఎం16 పొట్టి రూపం) మొత్తం 882 సార్లు ఆగింది. పత్రికలన్నీ ఆ సంఖ్య చూసి రైఫిల్‌ను తిట్టిపోశాయి. ఆ 882లో 239 సార్లు ఆగడానికి కారణం మ్యాగజైన్.

2016లో సైన్యం ఇంకో కొత్త మ్యాగజైన్ తెచ్చింది. ఎం855ఏ1 తూటా కొనకు గట్టి ఉక్కు ఉంటుంది. పాత మ్యాగజైన్ అందించే కోణంలో వెళితే ఆ కొన లోపలి మెత్తని లోహానికి గుద్దుకొని గీతలు పెట్టేది. కొత్తది తూటాను ఇంకాస్త పైకెత్తి అందిస్తుంది. అదే ఏడాది డిసెంబరులో మెరైన్లు పాలిమర్ పీమ్యాగ్‌కు అనుమతి ఇచ్చారు. బ్రిటిష్ సైన్యం తన ఎస్‌ఏ80 రైఫిల్‌ను బాగుచేయించుకున్నప్పుడు హెక్లర్ అండ్ కోఖ్ సంస్థ రైఫిల్ లోపలి భాగాలతోపాటు మ్యాగజైన్ కూడా మార్చింది. డబ్బు పోసి రైఫిల్ బాగుచేసి, పాత మ్యాగజైన్ ఉంచితే ఆ డబ్బు వృథా అని వారికి తెలుసు.

వేణు (మిన్నెసోటా)

ఇక్కడ చలికాలంలో సున్నాకు 25 డిగ్రీలు దిగువన కూడా బయట రేంజ్ తెరిచే ఉంటుంది. నేను పాలిమర్ మ్యాగజైన్లే వాడతాను, గడ్డకట్టిన నేలమీద పడేస్తాను. పగలలేదు. కాబట్టి ఇన్సాస్ ఉదాహరణ చూపి పాలిమర్ అంతా చలికి పగులుతుందనుకోవడం సరికాదు. నా దగ్గర పనికిరాకుండా పోయినవన్నీ అల్యూమినియంవే. పాలిమర్ దెబ్బ తగిలితే లోపలికి వంగి తిరిగి వచ్చేస్తుంది. అల్యూమినియానికి సొట్ట పడితే ఫాలోయర్ అక్కడే ఆగిపోతుంది.

లోహశాస్త్రి

వేణు గారు చెప్పింది నిజం. పాలిమర్ అని ఒకే గాటన కట్టకూడదు. ఇప్పటి మంచి మ్యాగజైన్లు ఎక్కువగా గాజు నార కలిపిన నైలాన్ జాతివి. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఉన్న నైలాన్ దెబ్బను బాగా తట్టుకుంటుంది, ఎండిపోయిన నైలాన్ చలిలో పెళుసెక్కుతుంది. పారదర్శకంగా కనబడే మ్యాగజైన్లకు వాడే ప్లాస్టిక్‌లు వేరు, వాటి గుణాలూ వేరు. ఉదాహరణకు పాలీకార్బొనేట్ దెబ్బకు గట్టిదే గాని రసాయనాలకు లొంగిపోతుంది. దోమల మందులో ఉండే డీట్ తగిలితే దాని ఉపరితలం మెత్తబడి పగుళ్లు తీస్తుంది. నైలాన్‌కు ఆ బాధ లేదు. దోమల మందు రాసుకున్న చేతులతో పారదర్శక మ్యాగజైన్లు ముట్టుకోకండి. శుభ్రం చేయడానికి కూడా ఘాటైన ద్రావకాలు వద్దు, సబ్బునీళ్లు చాలు, తరువాత పూర్తిగా ఆరనివ్వాలి.

ఒక్క విషయంలో మాత్రం నేను లోహం వైపే ఉంటాను. అల్యూమినియం ముందు గీత చూపి ఆ తరువాత విరుగుతుంది, చూసే కన్ను ఉంటే దొరికిపోతుంది. పాలిమర్ లిప్ చాలాసార్లు ఏ హెచ్చరికా లేకుండా ఒక్క దెబ్బకు ఊడిపోతుంది. లాన్సర్ సంస్థ చేసేదానిలాగా డబ్బా పాలిమర్, లిప్స్ ఉక్కు ఉన్న రకం నాకు అన్నిటికంటే తెలివైన ఏర్పాటుగా కనిపిస్తుంది.

పద్మ (న్యూజెర్సీ)

మా రాష్ట్రంలో 10 రౌండ్ల హద్దు ఉంది. 2018 వరకు 15 ఉండేది, అప్పుడు తగ్గించారు. కాబట్టి నా దగ్గరున్నవి 10 రౌండ్లవే, కొద్దివే. చెడితే పారేసి ఇంకోటి తెచ్చుకుందాం అన్నంత తేలిక కాదు, మా దగ్గర దుకాణాల్లో రకాలు కూడా తక్కువే. 1994 నుంచి 2004 వరకు దేశమంతటా 10 దాటిన కొత్త మ్యాగజైన్ల అమ్మకం ఆగినప్పుడు కూడా జనం పాతవాటికి స్ప్రింగులు మార్చి, లిప్స్ సరిచేసుకొని వాడేవారని రేంజ్‌లో పెద్దవాళ్లు చెబుతుంటారు. విచ్చుకున్న లిప్స్‌ను పట్టకారతో తిరిగి వంచుకోవచ్చా? నావి స్టీలువి.

నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. రెండు మాటలు గుర్తుచేస్తున్నాం. పరిమితి ఉన్న మ్యాగజైన్‌లో ఎక్కువ తూటాలు పట్టేలా మార్చడం గురించి ఇక్కడ రాయవద్దు. అమెరికాలో తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడంపై ఫెడరల్ చట్టం నిషేధం ఉంది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గాని, న్యాయవాదిని అడగకుండా అడుగు వేయకండి.

భారతదేశానికి వచ్చేవారు రేంజ్‌కు వాడే సంచిని ప్రయాణానికి వాడకండి. 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ విడిభాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి. సంచి మూలలో మరిచిపోయిన ఒక్క తూటా విమానాశ్రయంలో దొరికినా కేసు అవుతుంది.

ఖమ్మం ఆర్మరర్

పద్మ గారూ, స్టీలు అయితే చేయవచ్చు. మేం ఏకే మ్యాగజైన్లకు చేసేవాళ్లం. పట్టకారతో నేరుగా పట్టుకుంటే పళ్ల గాట్లు పడతాయి, తోలు ముక్క అడ్డం పెట్టాలి. ఒకేసారి గట్టిగా వంచకూడదు. కొద్దిగా వంచడం, డ్రిల్ తూటా వేసి చూడటం, మళ్లీ కొద్దిగా. రెండు వైపులా సమానంగా రావాలి. బాగా పనిచేస్తున్న మ్యాగజైన్ ఒకటి పక్కన పెట్టుకొని దానితో పోల్చుకుంటూ చేయండి.

మాధవరం సుబేదార్

ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది సార్. అనుభవమున్న మీ చెయ్యి వేరు. ఇంట్లో మొదటిసారి పట్టకార పట్టేవారికి నేను వద్దనే చెబుతాను. వంచిన చోట లోహం గట్టిపడి పెళుసవుతుంది, రెండోసారి విచ్చుకునేటప్పుడు పగులుతుంది. స్టీలును ఒకసారి సరిచేసి రేంజ్‌లో వాడుకుంటే అభ్యంతరం లేదు. ఆత్మరక్షణ కోసం ఉంచుకున్నదానిలో సరిచేసిన మ్యాగజైన్ పెట్టకూడదు. అల్యూమినియాన్ని మాత్రం ఎవరూ వంచవద్దు.

ఖమ్మం ఆర్మరర్

అల్యూమినియం విషయంలో ఒప్పుకుంటాను. స్టీలు సంగతిలో మాత్రం నా మాట నాదే. మాకు కొత్తవి అడగగానే వచ్చేవి కావు, సరిచేసినవాటితోనే ఏళ్లు గడిపాం. సరిచేశాక బాగా కాల్చి చూడకుండా ఎవరికీ ఇవ్వలేదు, అంతే.

డాలస్ రాఘవ

అందరూ చెప్పినట్టే విప్పి చూశాను. సుబేదార్ గారు చెప్పిన చోటే ఉంది. తుడవకముందు ఏమీ కనబడలేదు. ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచాక, ఎడమవైపు లిప్ వెనుక వంపులో గోరు తట్టుకుంది. దీపం ఏటవాలుగా పెడితే వెంట్రుక మందాన గీత కనబడుతోంది. ఫోనులో ఫొటో తీసి పెద్దది చేస్తే వంపు సగం దాకా పాకినట్టు తెలుస్తోంది. కొత్తదాని పక్కన పెట్టి చూస్తే పై తూటా ఆ వైపు ఎత్తుగా ఉంది. ఫాలోయర్ ఆకుపచ్చది, స్ప్రింగ్ తుప్పు లేకుండా బాగానే ఉంది, కొత్త స్ప్రింగుతో పోలిస్తే పొడవులో తేడా చెప్పుకోదగినంత లేదు. మిగతా అల్యూమినియంవి కూడా విప్పాను, వాటికి పగుళ్లు లేవు.

రెండు ప్రశ్నలు. ఎన్ని రౌండ్లు కాల్చాక మ్యాగజైన్ మార్చేయాలన్న లెక్క ఏదైనా ఉందా? ఈ పగిలినదాన్ని కేవలం ప్రాక్టీసుకు ఉంచుకోవచ్చా?

ఆస్టిన్ శ్రీధర్

బారెల్‌కు చెప్పినట్టు మ్యాగజైన్‌కు రౌండ్ల లెక్క పనిచేయదు రాఘవ గారూ. మెత్తని గడ్డి మీద వాడేవారిదీ, కాంక్రీటు మీద పడేసేవారిదీ ఒకటి కాదు. నేను ప్రతి మ్యాగజైన్ అడుగు పలక మీద పెయింటు పెన్నుతో అంకె వేస్తాను. ఎప్పుడు ఆగినా ఏ అంకెదో, ఎలా ఆగిందో చిన్న పుస్తకంలో రాస్తాను. మంచి తూటాలతో ఒకే మ్యాగజైన్ రెండోసారి అదే రకంగా ఆగితే విప్పి చూడటం, కారణం దొరక్కపోతే తీసేయడం. అంకెలు లేకపోతే చెడ్డ మ్యాగజైన్ మంచివాటిలో కలిసిపోయి, చివరికి మీరు రైఫిల్‌ను అనుమానిస్తారు. తూటా మారిస్తే అదీ పక్కనే రాయండి, లేకపోతే తప్పు ఎవరిదో తేలదు.

పద్మ

శ్రీధర్ గారి పద్ధతి ఈరోజే మొదలుపెడుతున్నాను. సుబేదార్ గారూ, ఖమ్మం ఆర్మరర్ గారూ, మీ ఇద్దరి మాటలూ విన్నాక, లిప్స్ విచ్చుకున్నదాన్ని సరిచేసి రేంజ్‌కే వాడుకోవాలని నిర్ణయించుకున్నాను. మంచివాటిలో రెండు వేరుగా తీసి, వాటితో ప్రాక్టీసు చేయకుండా ఉంచుకుంటాను.

మాధవరం సుబేదార్

పద్మమ్మా, వేరుగా తీసి ఉంచే రెండింటినీ ముందు బాగా కాల్చి చూసి, అప్పుడు దాచండి. పెట్టెలోంచి తీసిన కొత్తదైనా సరే, పరీక్షించనిది నమ్మకూడదు. ఏడాదికొకసారి వాటినీ బయటకు తీసి, తూటాలు దింపి, తుడిచి మళ్లీ నింపండి.

రాఘవ బాబూ, పగిలినదాన్ని ప్రాక్టీసుకు కూడా ఉంచవద్దు. ప్రాక్టీసు సంచిలో ఉన్నది ఎప్పుడో ఒకప్పుడు మంచివాటిలో కలుస్తుంది. అడుగు పలక, స్ప్రింగ్, ఫాలోయర్ బాగున్నాయి కాబట్టి తీసి విడిభాగాలుగా దాచుకోండి. డబ్బాను మాత్రం బెంచ్ వైస్‌లో బిగించి, లిప్స్ దగ్గర చదునుగా నొక్కేసి, ఆ తరువాతే చెత్తలో వేయండి. అలాగే వేస్తే, బాగానే ఉంది కదా అని రేంజ్‌లో ఎవరైనా ఏరుకొని వాడుకుంటారు. మిగిలిన అల్యూమినియంవి కూడా అదే వయసువి కాబట్టి వాటి వంపులు మూడు నెలలకోసారి ఇలాగే తుడిచి చూస్తూ ఉండండి.